జైలు నుంచి ఇంటికొచ్చిన ఆడవాళ్లకు తోడుగా: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఆదివారం సాయంత్రాలు ఒకచోట కూర్చునే కొద్దిమంది ఆడవాళ్లం మేము. మాలో రిటైరైన టీచర్లు ఇద్దరు, ఒక నర్సు, ఒక లాయరు ఉన్నారు. మిగతావాళ్లంతా జైలుకు పోయి వచ్చినవాళ్లే. ఇక్కడున్నవన్నీ ఇళ్ల దగ్గర, కోర్టు వరండాలో, బస్టాండులో మమ్మల్ని అడిగిన ప్రశ్నలు. ఎవరి పేర్లూ రాయలేదు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేరం చేసి జైలుకు పోయినవాళ్లకు సాయం ఎందుకు? నష్టపోయినవాళ్లు లేరా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. కోపంగా అడిగినా అడగాల్సిన ప్రశ్నే.

మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే వాళ్ల కేసు ఇంకా తేలలేదు. తప్పు చేశారని ఏ కోర్టూ చెప్పలేదు. ఊరు మాత్రం రిమాండుకు పోయిన రోజే తీర్పు చెప్పేస్తుంది.

ఖైదీల్లో ఆడవాళ్లు నూటికి నలుగురే. తక్కువమంది కావడం వల్ల వాళ్ల గోడు ఎవరికీ వినపడదు. శిక్ష పడినవాళ్లకు మన రాష్ట్రంలో ప్రత్యేక మహిళా జైళ్లు కడపలో, రాజమహేంద్రవరంలో ఉన్నాయి. పలమనేరు పక్క పల్లె నుంచి కడపకు ములాఖత్‌కు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సులు మారాలి. మగవాడు లోపలుంటే తల్లో పెళ్లామో సంచి సర్దుకుని ఎట్లాగైనా పోతారు. ఆడమనిషి లోపలుంటే ఆ సంచి సర్దేవాళ్లే ఉండరు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఏళ్ల తరబడి ఒక్క ములాఖత్ కూడా లేనివాళ్లున్నారు.

కేసులంటారా, రకరకాలు. కోడలు చనిపోయిన కేసులో అత్త, ఆడబిడ్డ. చీటీలు నడిపి డబ్బు తిరిగి ఇవ్వలేకపోయినవాళ్లు. నాటు సారా. ఎవరో మోయమన్న గంజాయి సంచి. మొగుడి దెబ్బలు తిని తిని ఒకరోజు ఎదురు తిరిగినవాళ్లు. నిజంగా తప్పు చేసినవాళ్లూ ఉన్నారు. ఒకామె తనంతట తనే చెప్తుంది: "నా చేత్తోనే జరిగిందక్కా, కాదని నేనెట్లా అనేది." ఆమెకు కోర్టు ఎన్నేళ్లు వేసిందో అన్నేళ్లూ లోపల ఉండి వచ్చింది. దానికి వీధి ఇంకో పదేళ్లు కలపడం న్యాయం కాదని మేం గట్టిగా నమ్ముతాం.

ఇక నష్టపోయినవాళ్ల సంగతి. క్షమాపణ పేరుతో వాళ్ల గడప తొక్కమని మేం ఎవరికీ చెప్పం. ఆ కుటుంబం తనంతట తాను కబురు పెడితే తప్ప అటు పోకూడదు. వాళ్ల దుఃఖం మీద ఒత్తిడి పెట్టే హక్కు మాకూ లేదు, ఆమెకూ లేదు.

విడుదల రోజు మేం ఏం తీసుకుపోవాలి?

ముందుగా ఒక రోజంతా ఖాళీ పెట్టుకుని పోండి. కోర్టులో కాగితాలు పూర్తయ్యి, ఆర్డరు జైలుకు చేరి, అక్కడ పుస్తకాల్లో రాసుకుని బయటికి పంపేసరికి చాలాసార్లు పొద్దు గుంకుతుంది. కడప నుంచి తిరుపతికి రాజంపేట, కోడూరు మీదుగా సుమారు 140 కిలోమీటర్లు. రాత్రి ప్రయాణానికి సిద్ధపడండి. ఆమె గేటు బయట ఒక్కతే నిలబడే పరిస్థితి మాత్రం రానివ్వద్దు. "నేను దింపుతాలే" అని వచ్చే ప్రతివాడూ మంచి ఉద్దేశంతో రాడు.

సంచిలో చెప్పులు పెట్టుకోండి. అందరూ మరిచిపోయేది ఇదే. ఒక చీర, కాస్త వదులైన జాకెట్టు పెట్టండి, మనిషి కొలతలు మారి ఉంటాయి. దువ్వెన, ఒక బొట్టు బిళ్లల ప్యాకెట్టు. ఆమె ఆధార్ మీ దగ్గర ఉంటే తప్పకుండా పట్టుకుపోండి. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఏళ్ల తరవాత బయటికి వచ్చినవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఒకామె కండక్టరు ఎంత చెప్పినా నమ్మక, నలిగిన నోటు ముందుకు చాపుతూనే ఉంది. పక్క సీటామె చెయ్యి పట్టుకుని కిందికి దించి, "నిజమేమ్మా, పెట్టుకో లోపల" అనేదాకా ఆ చెయ్యి దిగలేదు.

ఓ రెండొందలు ఆమె చేతికే ఇవ్వండి. దార్లో టీ తాగితే డబ్బులు ఆమెనే ఇవ్వనివ్వండి. చిన్న విషయంలా కనబడుతుంది కానీ కాదు.

అడిగి తీసుకోవాల్సినవి: విడుదల కాగితం, లోపల పెట్టుకున్న వస్తువులు, శిక్షాకాలంలో చేసిన పనికి రావాల్సిన కూలి డబ్బు లెక్క, కేసు నంబరు, తరవాతి వాయిదా తేదీ. బీపీ, షుగరు, టీబీ, మనసుకు సంబంధించిన మాత్రలు ఏవి వాడుతున్నా ఆ చీటీ, కొన్ని రోజులకు సరిపడా మాత్రలు అడగండి. విడుదల సంతోషంలో మాత్రలు ఆగిపోయి, పది రోజులకు ఆసుపత్రి పాలైనవాళ్లను చూశాం.

ఇంటికొచ్చింది కానీ మనిషి మునుపటిలా లేదు. ఏమైంది?

ఒక తల్లి గురించి చెప్తాం. ఆమె కూతురే మాకు చెప్పింది.

మొదటి సాయంత్రం అయిదున్నరకే అన్నం పెట్టమని తినేసింది. ఆరయ్యేసరికి గదిలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. లోపల లాకప్ వేసే వేళ అది. తలుపు దాకా వచ్చి ఆగిపోయేది, గడియ తీసేది కాదు, ఎవరైనా తీస్తారేమోనని చూసేది. బారకులో రాత్రంతా లైటు వెలుగుతుంది కదా, ఇంట్లో లైటు ఆర్పితే లేచి కూర్చునేది. తెల్లవారుజామున లెక్కపెట్టే టైముకు మెలకువ వచ్చి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి, కాళ్ల దగ్గర ఉంచుకుని కాచుకునేది. కూతురికి ఏడుపు వచ్చేది, కోపమూ వచ్చేది.

నాలుగో రోజు ఆ పిల్ల కిలో మల్లెమొగ్గలు, దారం తెచ్చి, "అమ్మా, మిద్దె మీద కూర్చుని కడదాం రా" అంది. చీకటి పడింది. కొండ మీద మెట్ల దారి లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. తల్లి చేతిలో దారం పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. పొద్దు గుంకకముందే తాళం పడే చోట ఉన్న మనిషికి చీకటిపడ్డాక ఆకాశం కనబడి నాలుగేళ్లయింది. ఆ రాత్రి ఆమె మూడు మూరలు కట్టింది. ముళ్లు వదులుగా పడ్డాయి. కూతురు ఒక్కటీ విప్పలేదు, మర్నాడు అదే మాల తలలో పెట్టుకుని పనికి పోయింది.

ఇట్లాంటివన్నీ పిచ్చి లక్షణాలు కావు. శరీరం నేర్చుకున్నది మరిచిపోవడానికి టైము పడుతుంది. వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు. తొందరపెట్టకండి, వెక్కిరించకండి, "ఇంకా జైల్లోనే ఉన్నాననుకుంటున్నావా" అనే మాట మాత్రం నోట రానివ్వద్దు.

ఆమెతో ఏం మాట్లాడాలి? ఏం అడగకూడదు?

"అక్కా, బాగుండావా? తిన్నావా?" చాలు. "ఏం చేసి పోయినావు", "లోపల కొడతారా", "ఎవరెవరు ఉంటారక్కడ", ఈ మూడూ వద్దు. చెప్పాలనిపించినప్పుడు ఆమే చెప్తుంది. అప్పుడు మధ్యలో ఆపకుండా వినండి, విన్నది ఇంకో ఇంట్లో చెప్పకండి.

ఇంకో విషయం. ఆమెను పేరు పెట్టి పిలవండి, లేదా వరసపెట్టి పిలవండి. లోపల నంబరుతో, కేసుతో, ఊరి పేరుతో పిలిపించుకుని వచ్చింది. బయట "ఆ జైలుకు పోయొచ్చినామె" అయింది. అత్తా, పిన్నీ, వదినా అన్న పిలుపు మళ్లీ చెవిన పడిన రోజు మొహం ఎట్లా మారుతుందో మేం చూశాం.

ఇంట్లోకి రానివ్వడం లేదు. ఈ రాత్రికి ఎక్కడ ఉండాలి?

181కి ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది. దాని ద్వారా సఖి వన్ స్టాప్ సెంటరుకు పోవచ్చు. అక్కడ కొద్దిరోజుల వసతి, వైద్యం, లాయరు సలహా ఒకేచోట దొరుకుతాయి. ఎక్కువ కాలం ఉండాలంటే శక్తి సదన్ ఉంటుంది, మునుపు స్వాధార్ గృహం అనేవాళ్లు. ప్రమాదం ఉంటే 112.

హాస్టలుకు పోవడం అవమానమని చాలామంది వెనకడుగు వేస్తారు. తన్ని తరిమే ఇంట్లో పడి ఉండటం కంటే అక్కడ మూడు నెలలు ఉండి కుదురుకోవడం మేలు. ఈ మాట మేం మొహమాటం లేకుండా చెప్తాం.

పిల్లలు దగ్గరికి రావడం లేదు. ఏం చేయాలి?

దీనికంటే బాధపెట్టే ప్రశ్న మాకు ఇంకోటి రాదు.

ఆరేళ్ల వయసు వరకు బిడ్డ తల్లితో జైల్లో ఉండొచ్చు. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ నియమాలు వివరంగా ఉన్నాయి. ఆ కేసు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. లోపల ఉండగా పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదని కూడా అందులోనే ఉంది. మీ బిడ్డ సర్టిఫికెట్టులో అట్లా రాసి ఉంటే లీగల్ ఎయిడ్ లాయరుకు చూపించండి. లోపల పెరిగిన బిడ్డకు బయట కుక్క, ఆవు, ఆటో హారను అన్నీ కొత్తే. మగవాళ్ల గొంతు వింటే జడుసుకోవచ్చు. మెల్లగా అలవాటు చేయాలి.

అవ్వ దగ్గర పెరిగిన పిల్లల కథ వేరు. ఒకామె వచ్చేసరికి ఆమె కొడుకు అవ్వను "అమ్మా" అంటున్నాడు, ఈమెను "అక్కా" అన్నాడు. ఆ తల్లి మా దగ్గర కూర్చుని ఎంత ఏడ్చిందో. మేం ఆమెకు చెప్పింది ఒకటే. అవ్వ దగ్గర నుంచి ఆ పిలుపు లాక్కోవద్దు. రోజూ బడికి దింపు. సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడు. చెప్పిన టైముకు నిలబడు, ఒక్కరోజు కూడా తప్పవద్దు. "అమ్మ వస్తానంటే వస్తుంది" అన్న నమ్మకం వాడికి ముందు కుదరాలి. ఏడాది దాటాక ఒకరోజు చొక్కా గుండీ తెగిపోతే వాడు ఈమె దగ్గరికే తెచ్చాడట. ఇంకా "అక్కా" అనే అంటున్నాడు. ఆమె ఇప్పుడు ఏడవడం లేదు.

పిల్లలకు అబద్ధం చెప్పాలా అని అడుగుతారు. "గల్ఫ్‌కు పోయింది" అని చెప్పి పెంచిన ఇళ్లున్నాయి. బడిలో ఇంకో పిల్లాడి నోటి వెంట నిజం వింటే ఆ దెబ్బ తల్లి మీది నమ్మకానికే తగులుతుంది. వయసుకు తగ్గట్టు ఇంట్లోనే చెప్పడం మంచిది.

వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ల పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంటుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే 1098.

లోపల ఉండగా మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. "జైలుకు పోయినావు కాబట్టి సంబంధం తెగిపోయింది" అంటున్నాడు. నిజమా?

అబద్ధం. జైలుకు పోతే పెళ్లి దానంతట అది రద్దు కాదు. హిందూ వివాహ చట్టం ప్రకారం కోర్టు విడాకులు ఇవ్వకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, అది నేరం కూడా. భరణం కోసం బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 144 కింద అడగొచ్చు, పాత చట్టంలో అందరికీ తెలిసిన 125 అదే.

ఆస్తి విషయంలోనూ ఇట్లాగే భయపెడతారు. శిక్ష పడినంత మాత్రాన పుట్టింటి ఆస్తిలో వాటా పోదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కును దేశమంతటికీ 2005లో ఇచ్చారు, మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది. ఒక్క మినహాయింపు: ఎవరిని హత్య చేసిన నేరం రుజువైందో ఆ మనిషి ఆస్తి మాత్రం వారసత్వంగా రాదు. ఏ కాగితం మీదా సంతకమో వేలిముద్రో పెట్టే ముందు లాయరుకు చూపించండి. బయటికి వచ్చిన మొదటి నెలలోనే ఇట్లాంటి సంతకాలు ఎక్కువగా పెట్టించుకుంటారు.

కేసు ఇంకా నడుస్తోంది, లాయరుకు ఇచ్చే స్తోమత లేదు.

ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 చెప్పేది ఇదే. ఫోన్ నంబరు 15100. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు అని అడిగితే చూపిస్తారు.

వాయిదా మాత్రం తప్పవద్దు. మేం ఒక క్యాలెండరు ఇస్తాం, వాయిదా రోజు ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టమంటాం. చదువు రానివాళ్లకు ముందు రోజు ఫోన్ చేస్తాం. తప్పిపోయిన ఒక్క వాయిదా వల్ల వారంటు వచ్చి మళ్లీ లోపలికి పోయిన ఆడమనిషి ఉంది మాలో. ఆ రోజు ఆమె బిడ్డకు జ్వరం. లాయరుకు ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

బెయిలు వచ్చింది, జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉంది. దారి ఏమైనా ఉందా?

ఉంది, ఇది అందరికీ చెప్పండి. బెయిలు వచ్చి ఏడు రోజులైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెల దాటితే షరతులు సడలించే సంగతి కోర్టు చూడొచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది. దాని కింద విచారణ ఖైదీకి బెయిలు కోసం, శిక్ష పడినవాళ్లకు జరిమానా కట్టడానికి డబ్బు సాయం దొరకొచ్చు.

బెయిలే రానివాళ్ల విషయంలో రెండు గుర్తుపెట్టుకోండి. తీవ్రమైన కేసుల్లో కూడా ఆడమనిషి అన్న కారణంతో బెయిలు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. ఇక మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులోనే గడిపేస్తే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 కింద విడుదల అడగొచ్చు. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

పోలీసులు ఇంటికొస్తే, స్టేషనుకు రమ్మంటే?

బెయిలు షరతుల్లోనో, ముందస్తు విడుదల ఉత్తర్వులోనో సంతకం పెట్టి రావాలని ఉంటే పోవాల్సిందే. ఒక్కతే పోవద్దు, మాకు చెప్తే ఎవరో ఒకరం తోడొస్తాం. సాక్షిగా విచారించాలంటే ఆడమనిషిని ఇంటి దగ్గరే విచారించాలి. పొద్దు గుంకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. అరుదైన పరిస్థితుల్లో మహిళా పోలీసు అధికారే, అదీ మేజిస్ట్రేటు అనుమతి తీసుకునే చేయొచ్చు. మర్యాదగా, గొంతు పెంచకుండా, "ఎందుకో కాగితం మీద ఇవ్వండి సార్" అని అడగడం నేర్పిస్తాం. ఆదివారాల్లో దీన్ని నిజంగానే నాటకంలా వేసి చూపిస్తాం.

ఆధార్, బ్యాంకు, బియ్యం కార్డు అన్నీ పోయాయి.

ముందు ఆధార్. నంబరు గుర్తులేకపోయినా ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో వెతికిస్తారు. పాత ఫోన్ నంబరు ఇంకొకరి పేరు మీదికి మారి ఉంటుంది కాబట్టి కొత్త నంబరు అదే రోజు చేర్పించండి. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది. కేవైసీ ఇస్తే తెరుస్తారు, డబ్బు ఎక్కడికీ పోదు. బియ్యం కార్డులో పేరు తీసేశారా, పింఛనుకు అర్హత ఉందా అన్నవి సచివాలయంలో అడగండి.

ఓటు? ఉంటుంది. జైల్లో ఉండగా వేయడానికి వీల్లేదు, బయటికి వచ్చాక వేయొచ్చు. జాబితాలో పేరు లేకపోతే మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి.

ఏ పని దొరుకుతుంది?

తిరుపతిలో చేతి పనికి కరువు లేదు. పూలు కట్టడం, కల్యాణ మండపాల్లో వంట దగ్గర సాయం, హోటళ్లు, లాడ్జీలు. చిత్తూరు వైపు తోతాపురి సీజనులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, ఆ ముందు చింతపండు గింజ తీసే పని. శ్రీకాళహస్తిలో కలంకారి నేర్చుకున్నవాళ్లు మా దగ్గర ఒకరున్నారు. రంగు ఆరేదాకా పక్కన కూర్చుని కాపలా కాస్తుంది, "లోపల కూడా ఇంత ఓపిక రాలేదు నాకు" అంటుంది.

ఇళ్లలో పని మాత్రం మొదటి ఏడాది వద్దంటాం. ఆ ఇంట్లో ఉంగరం కనబడకపోయినా ముందు అనుమానం ఈమె మీదికే పోతుంది. మళ్లీ స్టేషను మెట్లు ఎక్కించే ప్రమాదం ఎందుకు?

కుట్టు మిషను గురించి ఒక మాట. దాతలు అందరూ మిషనే ఇస్తారు. ఇవ్వండి, మంచిదే. కానీ జాకెట్టు కుట్టమని గుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్లు లేకపోతే ఆ మిషను మీద బట్టలు ఆరేసుకోవడమే. మిషను ఇచ్చిన చేతితోనే నాలుగు గుడ్డలు కూడా ఇప్పించండి.

జైలు సంగతి పని ఇచ్చేవాళ్లకు చెప్పాలా? అడగకపోతే చెప్పాల్సిన అవసరం లేదు. దరఖాస్తులో అడిగితే అబద్ధం రాయొద్దు, తరవాత అదే మెడకు చుట్టుకుంటుంది. శిక్షకు బదులు ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతుతో వదిలినవాళ్లకు ఆ తీర్పు అనర్హత కాదని 1958 ప్రొబేషన్ చట్టంలో ఉంది, కాబట్టి తీర్పు కాపీ దాచుకోండి.

పొదుపు సంఘంలో మళ్లీ చేర్చుకుంటారా?

సంఘం వాళ్ల వైపు కూడా చూడాలి. ఈమె లోపల ఉన్నన్నాళ్లూ ఈమె కంతులు మిగతా సభ్యులే కట్టి ఉంటారు. వాళ్లూ కూలి చేసుకునేవాళ్లే. కోపం న్యాయమైనదే.

అందుకని మేం చేసేది ఇది. చేర్చుకోమని అడగడానికి పోం, లెక్క చూడటానికి పోతాం. ఎవరు ఎంత కట్టారో ఆమె ముందే రాయించి, నెలకు రెండొందలైనా సరే తిరిగి కట్టడం మొదలుపెట్టిస్తాం. ఒక సంఘంలో తొమ్మిది నెలలు అట్లా కట్టింది. పదో నెల మీటింగులో లీడరు తనే చాప కాస్త జరిపి, "నిలబడే ఇస్తావా ఏందే, కూర్చో" అంది. తీర్మానం రాసింది ఆ తరవాత రెండు నెలలకు.

రాత్రిళ్లు నిద్ర లేదు, గుండె దడ, ఉలిక్కిపడుతోంది. గాలి సోకిందంటున్నారు.

దర్గాకు పోండి, గుడికి పోండి, తాయెత్తు కట్టించుకోండి, మేం వద్దనం. దానితో పాటు డాక్టరును కూడా చూడాలి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. లోపలికి పోకముందే ఇంట్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవాళ్లు వీళ్లలో ఎక్కువ. ఆ గాయం మీద ఈ గాయం పడింది. ఒంటి నొప్పిగా, తలనొప్పిగా, ఆకలి లేకపోవడంగా బయటపడుతుంది.

చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఊరికే అన్నదనుకోవద్దు. ఒంటరిగా వదలకండి, పక్కనే కూర్చుని 14416కు ఫోన్ చేయండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఆదివారాలు మీరు కూర్చుని ఏం చేస్తారు?

టీ పెడతాం. పూలో చింతపండో ఏదో ఒక చేతి పని ముందు పెట్టుకుంటాం. చేతులు కదులుతుంటే నోరు కూడా కదులుతుంది, ఊరికే ఎదురెదురుగా కూర్చోబెడితే ఎవరూ మాట్లాడరు. కేసు గురించి ఎవరినీ అడగం. ఇక్కడ విన్నది గడప దాటదు. ఫొటోలు తీయం, దాతలు అడిగినా తీయం. కొత్తగా వచ్చినామెకు పక్కన తోడుగా, లోపలికి పోయి వచ్చినామె ఒకరు కూర్చుంటారు. మేం వంద మాటలు చెప్పినా తగలనిది, "నాకు కూడా ఆర్నెల్లు తలుపు గడియ తీయబుద్ధి కాలేదు" అని ఆమె అంటే తగులుతుంది.

గుడికి, పేరంటానికి పిలవొచ్చా? తప్పా?

ఏ తప్పూ లేదు. పిలవకపోవడమే బాధ. వీధిలో అందరి ఇంటికీ పసుపు కుంకుమ పిలుపు వచ్చి, మధ్యలో ఒక్క ఇల్లు వదిలేసి పోతే లోపలున్న మనిషికి ఆ అడుగుల చప్పుడు వినబడుతుంది. ఒకామె ఆ పూట టీవీ సౌండు పెంచుకుని కూర్చునేదాన్నని చెప్పింది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా వాళ్లంతా కలిసి పోతాం. అమ్మవారికి పొంగలి పెట్టే చోట ఎవరి పొయ్యి పక్కన ఎవరు రాళ్లు పెట్టుకున్నారో ఎవరూ చూడరు. ఒకరి అగ్గిపెట్టె ఇంకొకరు అడుగుతారు. మొదటిసారి వచ్చినామెను పక్క పొయ్యి పెద్దామె ఎవరో, "ఏమ్మే, కాస్త నా కుండ చూస్తా ఉండు, నీళ్లు తెస్తా" అని తన కుండ అప్పజెప్పి పోయింది. ఆ కుండ పొంగేదాకా ఈమె కళ్లు తిప్పలేదు.

సాయం చేశాక మళ్లీ తప్పుదారి పడితే?

పడినవాళ్లున్నారు. సారా వ్యాపారానికే తిరిగి పోయిన మనిషి ఉంది. అప్పులవాడు వాకిట్లో కూర్చుంటే, మూడు వారాలు పని దొరక్కపోతే ఏం చేస్తుంది అన్నది ముందే చూడాల్సింది, చూడలేకపోయాం. మళ్లీ లోపలికి పోయింది. ములాఖత్‌కు మేమే పోతున్నాం.

ఆమె మా వీధిలోనే దిగింది. ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. నేను మొదట ఏం చేయాలి?

నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు ఆమె బిందె కూడా వరుసలో పెట్టించండి. మీ ఇంట్లో సంగటి, ఊరిబిండి చేసిన రోజు ఒక గిన్నెలో పెట్టి ఇచ్చి రండి. గిన్నె కోసం నిలబడకండి, అక్కడే వదిలేయండి. రెండు మూడు రోజుల్లో కడిగి, ఉత్తి గిన్నె ఇవ్వకూడదని గుప్పెడు శనక్కాయలో రెండు అరటిపండ్లో వేసుకుని మీ వాకిట్లోకి వస్తుంది. గడప అవతలే నిలబడుతుంది. అప్పుడు లోపలికి రమ్మని పిలవండి.